మూత్రనాళానికి మూడు ఇరుకులు

పరీక్షలు దగ్గరపడితే అనంతపురం నర్సింగ్ పిల్లల మధ్య, వాళ్ల ఇళ్లలో పెద్ద నర్సులుంటే వాళ్లతోనూ, ఒక తగువు తప్పకుండా వస్తుంది. అనాటమీని, అడల్ట్ హెల్త్ నర్సింగ్‌ను ఎట్లా చదవాలి? గైడు పట్టుకుని పాయింట్లు బట్టీ పట్టాలా, మంచం మీది మనిషిని పట్టుకుని చదవాలా? ఈ ప్రాంతంలో నర్సు చదువు చిన్న సంగతి కాదు. అనంతపురంలో సర్వజన ఆసుపత్రి, 2000లో వచ్చిన ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉన్నాయి. 1969లో ఈ జిల్లాకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ సేవాసంస్థకు బత్తలపల్లిలో ఆసుపత్రి, దాని వెంట నర్సింగ్ చదువు ఉన్నాయి. వానల్ని నమ్ముకుని శెనక్కాయ వేసే ఇళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లకు నెలజీతం తెచ్చిపెట్టే చదువుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది.

2021లో భారతీయ నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీ సిలబస్‌ను మార్చింది. ఏడాదికోసారి పెట్టే పరీక్షల స్థానంలో ఎనిమిది సెమిస్టర్లు వచ్చాయి. మెడికల్ సర్జికల్ నర్సింగ్ అడల్ట్ హెల్త్ నర్సింగ్‌గా మారింది. అనాటమీకి మొదటి సెమిస్టర్‌లో 60 గంటలు ఇచ్చి ముగించేశారు. అడల్ట్ హెల్త్ మూడు, నాలుగు సెమిస్టర్లలో వస్తుంది. ఒక్క మొదటి భాగానికే థియరీ 140 గంటలు, వార్డు పోస్టింగ్ 480 గంటలు. ఎముకలు, నరాలు, నాళాలు చదివిన పిల్ల రోగి దగ్గరికి ఆ చదువుతో వచ్చేసరికి సగం మరిచిపోయి ఉంటుంది. ఇక్కడ మాట్లాడుకునేది ఒక అత్త, ఆమె మేనకోడలు. అత్త జీఎన్ఎం చదివి, హెడ్ నర్సుగా రిటైరైంది. కోడలు నాలుగో సెమిస్టర్. నేను చాలావరకు అత్త పక్షం. కానీ కోడలు వేసిన రెండు ప్రశ్నలకు అత్త దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

కోడలు: అత్తా, ఆ గైడు ఇట్లియ్యి. ఎల్లుండి ఇంటర్నల్.

అత్త: ఇస్తా గానీ, ఇక్కడ మూత్రనాళానికి మూడు ఇరుకులు అని పెన్సిల్‌తో చుట్టినావే, ఎందుకు?

కోడలు: ఇంపార్టెంట్ క్వశ్చన్. ఒకటి, కిడ్నీ పెల్విస్ యురేటర్‌గా మారేచోట. రెండు, పెల్విక్ బ్రిమ్ కాడ ఇలియాక్ రక్తనాళాల మీదుగా దాటేచోట. మూడు, బ్లాడర్ గోడలోకి దూరేచోట. మొత్తం నాళం పొడవు 25 సెంటీమీటర్లు. డయాగ్రమ్ వేస్తే ఫుల్ మార్కులు.

అత్త: బాగా చెప్పినావు. మరి రాయి రెండో ఇరుకులో పట్టుకుంటే ఆ మనిషి ఎట్లుంటాడు?

కోడలు: లాయిన్ టు గ్రాయిన్ పెయిన్.

అత్త: అది నువ్వు రాసే మాట. మంచం మీద ఆ మనిషి ఏం చేస్తాడని అడుగుతున్నా.

కోడలు: నొప్పి అంటాడు.

అత్త: ఒకచోట పడుకోలేడు పాపా. లేస్తాడు, కూచుంటాడు, మంచం పట్టీ పట్టుకుని వంగుతాడు, మళ్లీ లేస్తాడు. చెయ్యి వెనక డొక్కలో మొదలుపెట్టి ముందుకు, కిందికి, గజ్జల్లోకి తెస్తాడు. ఆ చెయ్యి పోయిన దోవే నీ డయాగ్రమ్. అదే పేగుకు రంధ్రం పడి కడుపంతా చెడినవాడైతే కదలనే కదలడు. మోకాళ్లు ముడుచుకుని, ఊపిరి కూడా పైపైన తీసుకుంటూ పడుంటాడు. ఇద్దరూ కడుపునొప్పి అనే వస్తారు. డాక్టరొచ్చే లోపల తేడా కనిపెట్టాల్సింది నువ్వు. ఇరుకు యాడుందో తెలిసినా, అది మనిషిని ఎట్ల మెలిపెడుతుందో తెలీకపోతే నీ డయాగ్రమ్ పేపరు దాటి రాదు.

కోడలు: ఆ తేడా నా పేపర్లో అడగరు అత్తా.

అత్త: వార్డులో అడుగుతారు. అందునా మన కాడ. మే నెలలో ఉపాధి పనికి పోయే ఆడోళ్లు పొద్దంతా ఎన్ని నీళ్లు తాగుతారు? చుట్టూ మరుగు ఉండదని తాగేది కూడా తాగరు. ఒంట్లో నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, ఉప్పులు పేరుకుంటాయి. రాయి కథ చేన్లోనే మొదలైతుంది. నీ గైడులో రిస్క్ ఫ్యాక్టర్స్ కింద డీహైడ్రేషన్ అని ఒక్క మాట ఉంటుంది, అంతే.

కోడలు: సరే, ఇప్పుడు నా మాట విను. అనాటమీ, ఫిజియాలజీ రెండూ కలిపి ఒకే పేపరు. 75 మార్కుల్లో అనాటమీ వాటా 37. మనిషి ఒంట్లో 206 ఎముకలు, వాటి మీద కండరాలు, నరాలు, నాళాలు, ఆపైన ఒక్కో అవయవం. ఇదంతా 60 గంటల్లో అయిపోవాలంట. బట్టీ పట్టకుండా ఎట్ల? ఇంక పోస్టింగ్ అంటావా? కాగితం మీద వందల గంటలుంటాయి. పొద్దున పోతే బెడ్లు సర్దాలి, శాంపిళ్లు ల్యాబుకు మోయాలి, బీపీలు రాయాలి. రోగి పక్కన నిలబడి నువ్వు చెప్పినట్టు చెయ్యి ఏ దోవన పోతాందో చూసే తీరిక యాడిది? ఎవరైనా నిలబెట్టి చూపిస్తే కదా! చూపించే ట్యూటర్ ఒక్కరే, మేమేమో చాలామందిమి.

అత్త: అది నిజమే.

(అత్త దగ్గర జవాబు లేని మొదటి మాట ఇదే. పుస్తకానికి, మంచానికి మధ్య విద్యార్థిని చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి ఉండాలి. గంటలు పెంచితే సరిపోదు. వార్డులో అడుగడుగునా ప్రశ్న వేసే టీచరు లేకపోతే ఆ గంటలు చాకిరీ కింద పోతాయి. బీఎస్సీ అయినా జీఎన్ఎం అయినా, ఆసుపత్రి పెద్దదైనా చిన్నదైనా ఇదే కొరత. ఈ నేరం పిల్లల మీద వేయకూడదు.)

కోడలు: ఇంకొకటి. ఇంటర్నల్స్, యూనివర్సిటీ అయినాక కూడా నాకు ఎదురయ్యేది పరీక్షే. ఎయిమ్స్ వాళ్ల ఉద్యోగ పరీక్ష నార్సెట్ ఉంది. అన్నీ నాలుగు ఆప్షన్ల ప్రశ్నలే.

అత్త: ఆప్షన్ల ప్రశ్నయినా నువ్వు పెట్టే టిక్కు మనిషి ఒంటి మీద పెట్టినట్టే. ఇంజెక్షన్ సంగతి చూడు. పిరుదును నాలుగు భాగాలు చేసి పైన, బయటివైపు భాగంలో వెయ్యాలి. ఎందుకు?

కోడలు: సయాటిక్ నర్వ్ తప్పించడానికి.

అత్త: కదా! ఊర్లో తెలిసీ తెలియకుండా వేసేవాళ్లు సూది లోపలికి, కిందికి దించితే నరం దెబ్బతింటుంది. పాదం పైకి లేవదు, వాలిపోతుంది. చెప్పు జారిపోతాంటే కాలీడ్చుకుంటా వచ్చిన పిల్లోళ్లను నేను చూసినా.

కోడలు: అత్తా, ఇక్కడ నువ్వే పాతబడినావు. ఇప్పుడు పుస్తకాలు ఆ చోటుకే మొగ్గు చూపట్లే. వెంట్రోగ్లూటియల్ మంచిదంటున్నాయి. అక్కడ పెద్ద నరం లేదు, పెద్ద నాళం లేదు, గ్లూటియస్ మీడియస్ కండ మందంగా ఉంటుంది. నిలబడు, చూపిస్తా. నీ కుడి తుంటికి నా ఎడమ చెయ్యి. అరచేతి మడమ ఇదిగో, ఈ గట్టి ఎముక గడ్డ మీద, గ్రేటర్ ట్రోకాంటర్ మీద. చూపుడు వేలు ముందుకు, ఈ పొడుచుకొచ్చిన ఎముక కొస మీదికి. నడిమి వేలు వెనక్కి చాపి, తుంటి ఎముక అంచు వెంబడి. రెండు వేళ్ల మధ్య వి ఆకారం వచ్చింది చూడు. సూది అక్కడ. బక్కచిక్కిన రోగికైనా తేలికగా దొరుకుతుంది.

అత్త: ఈ ఎముక గడ్డ నాకు చేతికి తగులుతూనే ఉంది.

కోడలు: అది తగిలితే లెక్క తప్పదు. వెనకవైపు వేసేప్పుడు నువ్వు కంటితో గీతలు గీసుకుంటావు, నేను చేత్తో తడిమి ఎముకలు పట్టుకుంటా. ఇది నాకు నేర్పింది వార్డు కాదు, పుస్తకమే. వార్డులో అందరూ పాతచోటే వేస్తున్నారు.

అత్త: ఊ. ఇది ఒప్పుకోవాల్సిందే. ఇట్ల చదివితే నేనెందుకు కాదంటా? నువ్వు పేరు చదవడంతో ఆగలేదు, ఎముకను తడిమినావు. రాస్ అండ్ విల్సన్ పుస్తకం తెరిచినప్పుడల్లా నీ ఒంటి మీదే వెతుక్కో. మోకాటి చిప్ప, మెడ ఎముక, చీలమండ, మణికట్టు కాడ నాడి. నీ ఒళ్లే నీకు మోడలు.

కోడలు: కిడ్నీని తడుముకోలేం కదా.

అత్త: చోటు తెలుసుకోవచ్చు. కుడిది కొంచెం కిందికి ఎందుకుంటుంది?

కోడలు: పైన లివర్ ఉంది కాబట్టి.

అత్త: ఆ. సరే, నీ ఎమర్జెన్సీ యూనిట్‌కు రా. పాముకాటు చదివినావా?

కోడలు: చదివినా. విషం రకాలు, లక్షణాలు, యాంటీ స్నేక్ వీనమ్, నర్సింగ్ కేర్. పన్నెండు పాయింట్లు.

అత్త: తొలకరికి శెనక్కాయ విత్తేప్పుడు, మళ్లీ కాయ పీకేప్పుడు మన ఆసుపత్రులకు పాముకాట్లు ఎక్కువ. రక్తపింజర కాటైతే నీ పన్నెండు పాయింట్ల కంటే ముందు ఒక గాజు ట్యూబు కావాలి. నరంలో నుంచి 2 మిల్లీలీటర్ల రక్తం తీసి అందులో పోసి, కదిలించకుండా 20 నిమిషాలు పెట్టాలి. ఎవరో వచ్చి తడతారు, ఇంకెవరో ఎత్తి చూస్తారు, చెయ్యి తగలనియ్యకూడదు. 20 నిమిషాలైనాక ఒక్కసారి వంచు. గడ్డకట్టి నిలిస్తే ఒక లెక్క. నీళ్లలా జారితే విషం రక్తంలోకెక్కినట్టు. ట్యూబు కొత్తదై ఉండాలి, పొడిగా ఉండాలి. ప్లాస్టిక్‌ది పనికిరాదు. సర్ఫు పెట్టి కడిగిందీ పనికిరాదు. మా పెద్ద సిస్టరు కడిగిన ట్యూబు ముట్టుకుంటే మా మీద అరిచేది.

కోడలు: గాజే ఎందుకో చెప్పిందా?

అత్త: లేదు. గాజే అంటే గాజే.

కోడలు: నేను చెప్తా. రక్తం గాజుకు తగిలితే ఫ్యాక్టర్ 12 పని మొదలుపెడుతుంది, దాని వెంట మిగతావి ఒకదాన్నొకటి లేపుకుంటూ పోతాయి, చివరికి ఫైబ్రిన్ వలగా ఏర్పడి గడ్డకడుతుంది. ప్లాస్టిక్‌కు ఆ గుణం సరిగా లేదు. లోపల డిటర్జెంట్ పొర ఉంటే గాజు కూడా ఆ పని చెయ్యదు. బాగున్న రక్తం కూడా గడ్డకట్టకుండా ఉండి, విషం లేనివాడికి విషం ఎక్కిందని తేలుతుంది. పింజర విషం ఫ్యాక్టర్ 10ను, 5ను రెచ్చగొట్టి ఫైబ్రినోజన్‌నంతా ఖర్చు పెట్టేస్తుంది. అందుకే ట్యూబులో గడ్డ కట్టడానికి ఏమీ మిగలదు.

అత్త: ఇన్నేళ్లు ఆ ట్యూబులు పట్టుకున్నా, ఈ మాట నాకెవరూ చెప్పలేదు పాపా.

కోడలు: గైడులో లేదు, బ్రూనర్ టెక్స్ట్‌బుక్‌లోనూ ఒకేచోట లేదు. మొదటి సెమిస్టర్ ఫిజియాలజీ, ఇప్పటి పాముకాటు పక్కపక్కన పెట్టుకుని చూసినా.

(ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. గైడు కావాలని మొదలుపెట్టిన పిల్లే రెండు సెమిస్టర్ల పుస్తకాలు ఒకే బల్ల మీద తెరిచి కూర్చుంది. ఆ పని చేయమని సిలబస్ చెప్పదు, పేపరు అడగదు. నిజానికి పరీక్ష చదువు పనికొచ్చేది అక్కడే. చేతికి తెలిసినదానికి కారణం దొరికితే ఆ చెయ్యి తప్పు ట్యూబును ఎప్పటికీ ముట్టదు. అరిచే పెద్ద సిస్టరు ఇవాళ అన్నిచోట్లా ఉండదు కదా.)

అత్త: మరి కట్లపాము?

కోడలు: న్యూరోటాక్సిక్. టోసిస్, రెస్పిరేటరీ ఫెయిల్యూర్. డయాఫ్రమ్‌కు ఫ్రెనిక్ నర్వ్, సీ3, సీ4, సీ5.

అత్త: రాత్రి నేల మీద పడుకున్నోళ్లను కరుస్తుంది. కాటు గుర్తు కనపడకపోవచ్చు. తెల్లారి కడుపునొప్పి, వాంతులని వస్తారు. అందరూ గ్యాస్ అనుకుంటారు. నువ్వు ముఖంలోకి చూడాలి. రెప్పలు బరువుగా వాలుతున్నాయా? పైకి చూడమంటే చూడగలుగుతున్నాడా? దిండు మీంచి తల ఎత్తమను. మెడ ఎత్తలేకపోతే ఊపిరి కూడా అదే దోవలో ఉంది. ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు లెక్కపెడతాడో చూడు, కొంతసేపటికి మళ్లీ లెక్కపెట్టించు. తగ్గుతా వస్తే డాక్టరును లేపు. నీ సీ3, సీ4, సీ5 పనికొచ్చేది అక్కడ.

కోడలు: నరమంతా చెడిపోదు అత్తా, నరానికీ కండకూ మధ్య కబురు తెగిపోతుంది. నరం మూలాలు బాగానే ఉంటాయి. వెంటిలేటర్ మీద పెట్టి కాపాడుకుంటే మనిషి తిరిగొస్తాడు.

అత్త: తిరిగొస్తాడు. అందుకే ఆ రాత్రి నిద్ర పోకూడదు.

కోడలు: మరి నువ్వు ఎప్పుడూ తిట్టే కేర్ ప్లాన్‌ల సంగతి? పాముకాటు మనిషికి గడ్డకట్టేది సర్దుకుందని అందరూ ఊపిరి పీల్చుకున్నాక కిడ్నీ దెబ్బతింటుంది. అది ముందు యాడ తెలుస్తుంది? యూరో బ్యాగులో. 50 కిలోల మనిషికి గంటకు 25 మిల్లీలీటర్లన్నా రావాలి. ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు గంట గంటకూ రాసినవాళ్లకే అది తగ్గేది కనపడుతుంది. షిఫ్ట్ చివర్లో ఒకేసారి అందాజుగా రాసినవాళ్లకు కనపడదు. మీ కాలంలో ఎంతమంది నిజంగా గంటకోసారి చూసి రాసినారు?

అత్త: రాసేవాళ్లం. అందరూ కాదు.

కోడలు: ఆ. పేపర్ పని అని మీరు తిట్టింది ఇదే. గోల్, ఇంటర్వెన్షన్, ఎవాల్యుయేషన్ అని మా చేత రాయిస్తున్నది, నిన్న చూసినదాన్ని ఇవాళ మళ్లీ చూడమని.

అత్త: చూసి రాస్తే సరే. మీవాళ్లు ఒకరిది చూసి ఇంకొకరు రాస్తారు, నలుగురు రోగులకు ఒకే ప్లాను. ఇప్పుడు నేనొకటి అడుగుతా. మన ఊర్లో నడుము వంగని ముసలోళ్లను చూసినావు కదా?

కోడలు: ఫ్లోరైడ్ నీళ్లవల్ల.

అత్త: ఆ ఒళ్లు నీ పుస్తకంలోని ఒళ్లు కాదు. వెన్నుపూసల మధ్య లిగమెంట్లు సున్నం పట్టి బిగుసుకుపోయి ఉంటాయి. గడ్డం రొమ్ముకు ఆనించమను, చేతులు తల వెనక పెట్టమను, వంగి కాలివేళ్లు తాకమను. ఏది చెయ్యలేకపోయాడో రాసుకో. మంచం మీద పక్కకు తిప్పేప్పుడు మామూలు మనిషిని తిప్పినట్టు తిప్పితే ఎట్ల? తల కింద దిండు ఎంత ఎత్తు పెట్టాలో కూడా మెడ చూసే చెప్పాలి. మీ గైడులో దీనికి ఎన్ని లైన్లున్నాయి?

కోడలు: నాలుగు.

(మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట గుర్తించింది తెలుగు నేల మీదే. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ బిగిసిన వెన్నులను పరీక్షించి రాశారు. 1973లో నల్గొండ జిల్లా పిల్లల మోకాళ్లు లోపలికి వంగడం గురించి కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్‌లో రాశారు. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అనంతపురం బోర్లలో చాలాచోట్ల దాటింది. 1990ల నడుమ సత్యసాయి మంచినీటి పథకం వందల ఊళ్లకు నీళ్లిచ్చింది గానీ, అప్పటికే గట్టిపడిన వెన్నులు మళ్లీ వంగవు. అడల్ట్ హెల్త్ నర్సింగ్‌లో ఈ జిల్లా పెద్దవాళ్ల ఆరోగ్యం ఉండాలని అడగడం అత్యాశ కాదు. మే 12న నర్సులు దీపాలు పట్టుకుని ఏ నైటింగేల్ పేరు తలచుకుంటారో ఆమె భారతదేశానికి ఎన్నడూ రాలేదు. అయినా 1878లో ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అని దక్షిణాది కరువు మీద వ్యాసం రాసింది, సాగునీటి కాలువల కోసం ఆర్థర్ కాటన్ పక్షాన వాదించింది. ఆ కరువులో ఘోరంగా దెబ్బతిన్న బళ్లారి జిల్లాలోనే అనంతపురం అప్పుడు ఉండేది, 1882లో విడిపోయింది. నీటిని, పంటను నర్సు పని నుంచి ఆమె వేరు చేయలేదు. మన ప్రశ్నపత్రాలు వేరు చేశాయి.)

అత్త: నేను పేపరు పెడితే ఇట్ల అడుగుతా. శెనక్కాయ చేన్లో పింజర కరిచిన యాభై కిలోల ఆడమనిషి, వచ్చి ఆరు గంటలైంది, బ్యాగులో 60 మిల్లీలీటర్లే ఉంది. నెఫ్రాన్ బొమ్మ వేసి, యాడ ఏం జరుగుతోందో చెప్పి, రాబోయే గంటలో నువ్వు చేసే పనులు వరసగా రాయి.

కోడలు: ఆరు గంటలకు 150 రావాలి. సగం కూడా లేదు. ముందు కాథెటర్ మడత పడిందేమో చూస్తా. తర్వాత బీపీ. డాక్టరుకు చెప్తా.

అత్త: చూసినావా? వచ్చింది కదా!

కోడలు: వచ్చింది. కానీ ఆ పేపరు రాదు అత్తా. వచ్చే పేపరులో డెఫినిషన్, కాజెస్, పాథోఫిజియాలజీ, మేనేజ్‌మెంట్ అని హెడ్డింగులు కావాలి. దిద్దేవాళ్ల ముందు కట్టలు కట్టలు ఉంటాయి. హెడ్డింగు కింద గీత కనపడకపోతే మార్కు పడదు. యాభై శాతం రాకపోతే సప్లీ. సప్లీ అంటే ఫీజు, హాస్టలు, మళ్లీ ఆర్నెల్లు. మా నాన్న సంగతి నీకు తెలుసు. ఒక్క సప్లీ వస్తే, ఇంక చాలు, సంబంధం చూస్తా అంటాడు. నువ్వు చెప్పినట్టు చదివి ఫెయిలైతే ఆ మంచం కాడికి నేను అసలు పోను. ఆడ ఇంకొకరుంటారు.

అత్త దీనికి చాలాసేపు మాట్లాడలేదు. ఇది ఆమె జవాబు చెప్పలేకపోయిన రెండో ప్రశ్న. మంచి చదువును గెలిపించమని పరీక్షకు భయపడే పిల్లను అడిగే ముందు, పరీక్ష పెట్టేవాళ్లను అడగాలి. కేసు ఇచ్చి ఆలోచింపజేసే ప్రశ్నలు పేపర్లో సగమైనా ఉంటే, ఈ పిల్లలు గైడులను వాళ్లంతట వాళ్లే పక్కన పెడతారు. వాళ్లకు బుద్ధి తక్కువై కాదు, భయం ఎక్కువై గైడు కొంటున్నారు.

అత్త: మీ నాయనతో నేను మాట్లాడతా. నా తమ్ముడే కదా. గైడు తీసుకో.

కోడలు: కోపమొచ్చిందా?

అత్త: నీ మీద కాదు. హెడ్డింగులు గైడు నుంచే రాయి. ఒక్కో హెడ్డింగు పక్కన ఒక మనిషిని రాసుకో, నువ్వు వార్డులో చూసినవాళ్లను. చెయ్యి యాడ పెట్టినారు, ఎట్ల పడుకున్నారు, బ్యాగులో ఎంతుంది. రెండు లైన్లు చాలు.

కోడలు: రాత్రికి గైడు అయిపోగొడతా. పొద్దున నువ్వు ఆ మంచం మీద పేషెంటుగా పడుకో. హిస్టరీ తీసుకుని, ఎగ్జామిన్ చేస్తా.

అత్త: ఏ జబ్బుతో పడుకోమంటావు?

కోడలు: అది నువ్వు చెప్పకూడదు. నేనే కనుక్కోవాలి.